నకలుకు రాని పేరు

కొత్తకోటలో పెండ్లిండ్లకు బిందెలు, గంగాళాలు ఇరుగుపొరుగిండ్ల నుండి తెచ్చుకొను నాళ్లలో, ఏ పాత్ర ఏ యింటికి మరల చేరవలెనో తెలుపుటకు దాని అంచున చుక్కచుక్కలుగా కొట్టించిన పేరే ఆధారము. అదే కొలతకు, అదే యిత్తడితో మఱియొక బిందెను చేయించినను ఆ పేరు దానికి రాదు, మరల కొట్టింపవలసినదే. ఈ సంగతి మొన్న లినక్స్ కంప్యూటరు ముందు కూర్చుండగా జ్ఞప్తికి వచ్చినది.

ఒకే కంప్యూటరుపై పెక్కు వర్చువల్ మెషీన్లు నడుచునపుడు, ఒకదానిలో చొరబడిన దొంగ ప్రక్కదాని సొత్తును తాకకుండ కాచునది ఎస్‌ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో వెలువరించిన ఈ యేర్పాటు, ఫైలు యజమాని యెవరనుటతో తృప్తిపడక, దానికి అతికిన లేబులు ఏదియని విచారించును. 2009లో దీనిని వర్చువల్ మెషీన్లను నిర్వహించు లిబ్‌విర్ట్‌తో జోడించి ఎస్‌విర్ట్ అనిరి. లేబులులోని 1,024 వర్గములలో రెండేసి చొప్పున ఒక్కొక్క మెషీనుకు ఒక్కొక్క జంట. అట్టి జంటలు 5,23,776. 2015 మే నెలలో వర్చువల్ మెషీన్ల ఫ్లాపీ పరికరపు పాత కోడులో వీనమ్ అను లోపము బయటపడినపుడు, ఇట్టి కంచె యెంత యవసరమో లోకమునకు తెలిసినది.

2017 జనవరిలో వచ్చిన లిబ్‌విర్ట్ 3.0.0, పరికరపు ఫైళ్లుండు ‘డెవ్’ను ప్రతి మెషీనుకును విడిగా కల్పించెను. అంతకుముందు లిబ్‌విర్ట్ అతికిన లేబులును, పరికరపు ఫైళ్లను చూచుకొను యూడెవ్ మార్చివేయు చిక్కుండెడిది. దానిని తప్పించుటకే యీ విభజన. క్రొత్త ‘డెవ్’ మెమరీలోని టీఎంపీఎఫ్‌ఎస్‌పై నిలిచినది. అందలి ఫైళ్లకు మూలముననున్న పరికర సంఖ్యలు, యజమాని, అనుమతులు యథాతథముగా దిగినవి. లేబులును మాత్రము మొదట దింపలేదు. తగినది ఎస్‌ఈలినక్స్ తానే యిచ్చునని తలంచిరి. అది యిచ్చినది టీఎంపీఎఫ్‌ఎస్ అను సామాన్యనామమే. ర్యాండమ్ పరికరమైనను, కేవీఎమ్ పరికరమైనను అన్నిటికి నదొక్కటే పేరు!

ఆ నెలలోనే జరిగిన సవరణ మిక్కిలి చిన్నది: మూలపు ఫైలు లేబులును చదివి, నకలుపై వ్రాయుట. లేబుళ్లకే తావులేని ఫైలు సిస్టమైనచో దానిని దోషముగా నెంచక సాగిపొమ్మని చేర్చిన షరతు నాకు మఱింత నచ్చినది. పరుల కంప్యూటరులను తలంచుకొని వ్రాసినవాని చేయి అందు కనబడును.

ఇట్లు లేబులు తప్పి ఎస్‌ఈలినక్స్ అడ్డుపడినచోట దానినే ఆపివేయుమని సలహా చెప్పువారు కలరు. కావలివానిని పంపివేయుట చికిత్స యెట్లగును? మా యింటి కంప్యూటరులో టీఎంపీఎఫ్‌ఎస్‌పై ర్యాండమ్‌కు నకలొకటి చేసి, మూలమును నకలును ప్రక్కప్రక్కన నుంచి లేబులు చూచితిని. సంఖ్యలు కలిసినవి, పేరు కలియలేదు. చదివి, వ్రాసి, మరల చూచితిని. ఈసారి రెండు వరుసలును అక్షరము పొల్లుపోక నొకటే.