నాలుగు బోల్టుల పని

ఈ మోడల్‌ విమానం అన్నయ్య 1981లో మొదలుపెట్టింది. ఎన్‌.సి.సి. ఎయిర్‌ వింగ్‌లో ఉండగా ఏరోమోడలింగ్‌ మీద మోజు పడి కిట్‌ కొనుక్కొచ్చాడు. రెక్క అతికించాడు, తోక అమర్చాడు, ఇంజను దగ్గరికొచ్చి ఆగిపోయాడు. అంతలో భిలాయిలో ఉద్యోగం వచ్చింది, పెట్టె అటకెక్కింది. మొన్న ఇల్లు సర్దుతుంటే దొరికింది. ఫోన్‌ చేస్తే, "నువ్వే పూర్తిచెయ్యరా, నాకిప్పుడు చూపు ఆనడం లేదు" అన్నాడు.

ఇది కంట్రోల్‌ లైన్‌ రకం. సన్నని ఉక్కు తీగలు రెండు పట్టుకుని మనం మధ్యలో నిలబడితే, విమానం మన చుట్టూ గుండ్రంగా ఎగురుతుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్‌ వాకర్‌ 1940ల్లో ఈ పద్ధతికి పేరు తెచ్చాడు.

బాల్సా చెక్క పసుపెక్కింది గానీ చెద పట్టలేదు. ముక్కు దగ్గర చేవ ఉన్న రెండు కర్రపట్టీలున్నాయి. ఇంజను కూర్చునేది వాటి మీదే.

అన్నయ్య ఓ సీనియర్‌ దగ్గర పాత 2.5 సి.సి. ఇంజను కొన్నాడు. అది బిగుసుకుపోయి ఉంది. కారణం ఆముదం. ఇంధనంలో మిథనాల్‌ 80 పాళ్లు, ఆముదం 20 పాళ్లు. మామూలు ఇంజనాయిలు మిథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది. ఎంత వేడిలోనైనా దాని పొర తొందరగా చెదరదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో కూడా కందెనగా ఆముదమే వాడారు. మన పాలమూరు, నల్లగొండ చేలలో పండే ఆముదమే. కాకపోతే తుడవకుండా వదిలేస్తే ఏళ్ల తరబడి ఎండి లక్కలా పట్టేస్తుంది. హెయిర్‌ డ్రయ్యర్‌తో వేడిచేసి, నాలుగు చుక్కల పల్చటి నూనె వేసి, రాత్రంతా ఉంచాను. పొద్దున్నే మళ్లీ వేడిచేసి వేలితో ప్రొపెల్లర్‌ కదిపితే మెత్తగా తిరిగింది. గది నిండా ఆముదం వాసన.

ఆ తర్వాతది అసలు పని, ఇంజను బిగించడం. ఈ ఇంజను నిమిషానికి 12 వేల చుట్లు తిరిగిందంటే, పిస్టన్‌ సెకనుకు 200 సార్లు పైకీ కిందికీ కొట్టుకున్నట్టు. బిగింపు కాస్త వదులైనా ఆ అదురు ట్యాంకుకు పాకి ఇంధనం నురగెత్తుతుంది. నురగంటే గాలే. ఇంధనం చాలక ఇంజను వేడెక్కుతుంది, ఆగిపోతుంది. మనమేమో ఇంధనాన్ని సరిచేసే నీడిల్‌ వాల్వు తిప్పుతూ కూర్చుంటాం. జబ్బు బోల్టు దగ్గరుంటుంది.

నాలుగు బోల్టు రంధ్రాల్లో ఒకటి అన్నయ్య అప్పుడే తొలిచాడు, చేతి బరమాతో. ఇవతలి వైపు సరిగ్గానే ఉంది. అవతలి వైపు రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. దాని పక్కనే పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం. ఉద్యోగం రావడం వల్లే ఆపేశాడని ఇన్నాళ్లూ ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ గుర్తు చూశాక నాకు అలా అనిపించలేదు. ఇరవై ఏళ్ల కుర్రాడు, పొదుపు డబ్బులతో కొన్న కిట్‌, మరో రంధ్రం తొలిస్తే కర్ర చీలిపోతుందేమోనన్న భయం. ఆ బరమా నా చేతిలో ఉన్నా నేనూ అక్కడే ఆగేవాణ్ణి.

వెదురు పుల్ల చెక్కి, అరాల్డైట్‌ పూసి ఆ రంధ్రంలో దిగ్గొట్టాను. మర్నాడు వీధి చివరి లేత్‌ షాపుకు తీసుకెళ్లి, నిలువు డ్రిల్లింగ్‌ మెషిన్‌ మీద 3 మి.మీ. రంధ్రాలు వేయించాను. నాలుగూ ఒకేసారి కాదు. ఒకటి వేసి, ఇంజను పెట్టి, బోల్టు దించి, ఎదురు మూలది గుర్తుపెట్టి అప్పుడు రెండోది. రంధ్రాల లోపలి గోడలకు కూడా పల్చగా అరాల్డైట్‌ పట్టించాను. లేకపోతే నూనె తాగిన కర్ర మెత్తబడుతుంది, బోల్టు పట్టు పోతుంది.

ఇంజను ముక్కుకు కుడి పక్కన అడ్డంగా పడుకుని ఉంటుంది. బోల్టులు దిగే దాని చెవుల్లో ముందు రెండింటి కింద అర మిల్లీమీటరు వాషర్లు పెట్టాను. ముందు వెనుక రంధ్రాల మధ్య దూరం 15 మి.మీ. కాబట్టి ఇంజను దాదాపు 2 డిగ్రీలు కుడికి తిరిగింది. ఎడమకు చుట్టు తిరిగే విమానం దీనివల్ల బయటికి లాగుతూ ఉంటుంది, తీగలు సడలవు. తీగ సడలితే విమానం మన మాట వినదు.

చివరగా రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తాను. ముక్కు కొద్దిగా కిందికి వాలింది. అలాగే ఉండాలి. ఫొటో తీసి అన్నయ్యకు పంపాను.

మీ అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఉంటే దింపి చూడండి. ఇంజను బిగుసుకుందని ప్లయ్యరుతో మాత్రం తిప్పకండి, కనెక్టింగ్‌ రాడ్‌ వంగుతుంది. ముందు వేడిచేయండి, ఒక రాత్రి ఆగండి.