చక్రం పెరిగింది, మీటరుకు ఎవరు చెప్పారు?

“పెద్ద టైర్లు వేయించినప్పటి నుంచి బండి మైలేజీ ఇస్తలేదు.” ఆదివారం పొద్దున అనంతగిరి కొండల కింద చాయ్‌కి ఆగే పాత జిప్సీల, జీపుల వాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. బరువైన టైరు పెట్రోలు కొంచెం ఎక్కువే తాగుతుంది, కాదనను. కానీ తగ్గిందని మనం బాధపడే మైలేజీలో కొంత అసలు తగ్గనే లేదు. బండి నడిచింది, మీటరు లెక్కపెట్టలేదు. అంతే.

నాదీ పాత జిప్సీయే. 205/70 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 వేయించాను. కొండ మీది ఎర్రమట్టి తడిస్తే జారుతుంది. దిగి తాండూరు వైపు పోతే నల్లరేగడి. వానాకాలంలో కందిచేల మధ్య బండిబాటలో ఇరుసు నేలకు రాసుకోకుండా పోవాలంటే ఎత్తు కావాలి. లెక్క ప్రకారం పాత టైరు వ్యాసం 668 మిల్లీమీటర్లు, కొత్తది 733. ఇరుసు కింద మూడు సెంటీమీటర్ల పైచిలుకు జాగా దొరికింది. అందుకు బదులు పోయిందేమిటో మీటరు దగ్గర తేలింది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇదివరకు 2.1 మీటర్లు కదిలే బండి ఇప్పుడు 2.3 మీటర్లు కదులుతోంది. మీటరు దిద్దించే దాకా ముల్లు 60 మీద ఉంటే బండి 66 మీద పోయేది.

తాండూరులో నాపరాళ్ల క్వారీల జీపులు బాగుచేసే ఒక ఉస్తాద్‌కు ఈ సంగతి చెబితే, బానెట్ కూడా ఎత్తలేదు. “టైర్లయితే మార్చిన్రు సార్, మరి మీటర్‌కు ఎవరు చెప్పిన్రు?” అన్నాడు.

నిజమే, మీటరుకు రోడ్డు కనిపించదు. ట్రాన్స్‌ఫర్ కేసులో గరారీ అనే ఒక చిన్న పళ్లచక్రం తిరుగుతుంది, అది కేబులును తిప్పుతుంది, కేబులు మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ, దాన్ని తాకకుండా, ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టించి దాన్ని తనతో లాగుతుంది. సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఈ రెండింటి పెనుగులాట ఎక్కడ తేలితే ముల్లు అక్కడ నిలుస్తుంది. జర్మన్ ఇంజనీరు ఒట్టో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. కిలోమీటర్ల అంకెలది వేరే దారి. వాటికి అయస్కాంతంతో పనిలేదు, అదే కేబులు పళ్లచక్రాలతో నేరుగా తిప్పుతుంది. జపాన్ ప్రమాణం ప్రకారం కేబులు 637 సార్లు తిరిగితే ఒక కిలోమీటరు. అమెరికా పద్ధతిలో వెయ్యి తిరుగుళ్లకు ఒక మైలు. తాండూరు మార్కెట్ యార్డులో కిలో రాయి కిలోకు మించి బరువుంటే రైతు పోసిన కందుల్లో కొన్ని లెక్కలోకి రానట్టే, చక్రం పెద్దదైతే నడిచిన దూరంలో కొంత లెక్కలోకి రాదు. లీటరుకు 11 ఇస్తున్న బండి 10 ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఐదువేలకు మార్చాల్సిన ఆయిలు ఐదున్నర వేలకు మారుతుంది.

ఈ రెండు దారుల సంగతి తెలిస్తే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే. ముల్లు, అంకెలు రెండూ ఒకే నిష్పత్తిలో తప్పితే తప్పు టైరుదో గరారీదో. అంకెలు సరిగ్గా ఉండి ముల్లు మాత్రమే తప్పితే అయస్కాంతం బలం తగ్గిందనో, స్ప్రింగు సడలిందనో అర్థం. ముల్లు వణుకుతుంటే కేబులు ఎండిపోయింది, లేదా ఎక్కడో మెలిపడింది. రెండూ కదలకపోతే కేబులు తెగింది, కాకుంటే గరారీ పళ్లు అరిగాయి.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. మన్నెగూడ దాటి పరిగి వైపు 163వ నంబరు జాతీయ రహదారి తిన్నగా ఉన్నచోట ముల్లును 60 మీద కదలనీయకుండా పట్టి, పక్క సీటులో ఒకరికి స్టాప్‌వాచ్ ఇస్తే చాలు. కిలోమీటరుకు 60 సెకన్లు పడితే మీటరు సత్యవంతురాలు. 55 లోపే పూర్తయితే నా బండి కథే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కిలోమీటరు రాళ్లు జరుగుతుంటాయి కాబట్టి ఒక్క రాయిని నమ్మకూడదు, వరసగా పది కిలోమీటర్లు చూడాలి. ఫోన్లో జీపీఎస్ తిన్నని రోడ్డు మీద మంచి సాక్షి. అనంతగిరి ఘాట్ మలుపుల్లో మాత్రం ముల్లు కంటే వెనకబడుతుంది.

ఇక దిద్దుబాటు. కొన్ని మీటరు దుకాణాల్లో ముల్లును పీకి కాస్త ముందుకు గుచ్చి ఇస్తారు. చవక, కానీ అది దిద్దుబాటు కాదు. 60 దగ్గర ఆరు కలిపితే 66 అవుతుంది, బాగానే ఉంది. అసలు వేగం 33 ఉన్నప్పుడు అదే ఆరు కలిసి 36 చూపిస్తుంది. తప్పు నిష్పత్తిలో పుట్టింది, కూడికతో పోదు. పైగా కిలోమీటర్ల అంకెలు ఎప్పటిలాగే వెనకబడి ఉంటాయి. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే దిద్దాలి. కేబులును తిప్పే గరారీకి 22 పళ్లున్నాయనుకుందాం. దాని స్థానంలో 20 పళ్లది వేస్తే కేబులు పది శాతం జోరుగా తిరుగుతుంది. ముల్లు, అంకెలు కలిసే సరిపడతాయి. పాత బండికి అలాంటి గరారీ దొరకకపోతే కేబులు మధ్యలో కూర్చునే చిన్న నిష్పత్తి డబ్బా ఉంది. నేను పెట్టించింది అదే. సెన్సరుతో నడిచే తర్వాతి తరం బండ్లకు ఈ పని ఎలక్ట్రానిక్ కన్వర్టరు చేస్తుంది.

దిద్దడంలోనూ అతి పనికిరాదు. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎన్నడూ చూపకూడదు, ఎక్కువ చూపితే కొంత మేరకు పరవాలేదు. అందుకే కంపెనీలు ముల్లును కాస్త ముందుకే ఉంచుతాయి. పెద్ద టైరు మొదట మింగేది ఆ జాగ్రత్తనే. వేగం పది శాతం పెరిగితే బ్రేకు ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఈ లెక్క కాగితం మీద ఉండిపోదు. టైరు అరిగితే, గాలి తగ్గితే మళ్లీ కొంత తేడా ఎలాగూ వస్తుంది. కాబట్టి కొత్త టైర్లతో, నిండు గాలితో ఉన్నప్పుడు ముల్లు రెండు మూడు ఎక్కువ చూపేలా ఉంచుకుంటే చాలు.

మరొక్క పని మిగులుతుంది, దానికి ఖర్చేమీ లేదు. మీటరును ఏ తేదీన, ఏ అంకె దగ్గర, ఎంత నిష్పత్తితో దిద్దామో సర్వీసు పుస్తకంలో రాసిపెట్టాలి. అంతకుముందు పెద్ద టైర్లతో నడిచిన కిలోమీటర్లు తక్కువ లెక్కవేనని కూడా రాయాలి. పాత బండ్ల బేరంలో అందరూ ముందు వంగి చూసేది ఆ అంకెలనే. నేను నా జిప్సీని అమ్మిన రోజున అవి పెంచి చెప్పవలసినవని కొనేవాడికి నేనే చెబుతాను. ధర కాస్త తగ్గుతుంది, తగ్గనీ.