ఎవరి కొడుక్కి తల్లి?

జైలుపాలైన కొడుకును కాపాడుకోవాలని బయలుదేరిన తల్లి చివరికి ఎక్కడికి చేరుతుంది? ఈ ప్రశ్నకు గోర్కీ 1906లో రాసిన నవలలో ఒక సమాధానం ఇచ్చాడు. దక్షిణ కొరియా దర్శకుడు బాంగ్ జూన్-హో 2009లో తీసిన 'మదర్' చిత్రంలో దానికి పూర్తిగా విరుద్ధమైన సమాధానం ఉంది. అది నిరాశావాద చిత్రమని తోసిపుచ్చే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించలేను.

చిన్న పట్టణంలో మూలికలు అమ్ముకుంటూ, లైసెన్సు లేకుండా ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చుతూ బతికే తల్లి. చిత్రంలో ఆమెకు పేరు కూడా లేదు. కొడుకు దో-జూన్ వయసు పెరిగినా బుద్ధి ఎదగనివాడు. ఒక బడిపిల్ల హత్య జరిగిన చోట అతని పేరు రాసి ఉన్న గోల్ఫ్ బంతి దొరుకుతుంది. పోలీసులు అతనిచేత నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించి కేసు మూసేస్తారు. లాయరుకు ఈ కేసు మీద ఏ ఆసక్తీ లేదు. కొడుకు స్నేహితుడు సైతం డబ్బు తీసుకున్నాకే సాయానికి వస్తాడు. దాంతో తల్లి తానే హంతకుణ్ణి వెతకడానికి పూనుకుంటుంది.

ఇంతవరకూ ఇది మామూలు నేరపరిశోధన కథే. కిమ్ హే-జా నటన మనల్ని ఆ తల్లి పక్షాన నిలబెడుతుంది. నేనూ నిలబడ్డాను. కాని చిత్తు కాగితాలు ఏరుకునే ముసలివాడొకడు తాను కళ్లారా చూసింది చెబుతాడు: చంపింది దో-జూనే. తల్లి ఆ ముసలివాణ్ణి చంపి, అతని గుడిసెకు నిప్పు పెడుతుంది. తరువాత పోలీసులు మరొక అమాయకుణ్ణి పట్టుకుంటారు. అతనూ బుద్ధిమాంద్యం ఉన్నవాడే. ఆమె జైలుకు వెళ్లి, నీకు తల్లి లేదా అని అడిగి ఏడుస్తుంది. నిజం మాత్రం చెప్పదు. ఆమె మౌనంగా వెనుదిరిగినప్పుడు నాలో ఒక మూల ఊరట కలిగింది. ఆ ఊరటకు సిగ్గుపడ్డాను. ఈ చిత్రం బలమంతా ఆ సిగ్గులోనే ఉందని నా అభిప్రాయం.

గోర్కీ నీలోవ్నా కూడా మొదట కొడుకు కోసమే కదిలింది. పావెల్ జైల్లో ఉన్నప్పుడు కూడా ఫ్యాక్టరీలో కరపత్రాలు కనబడితే అతని మీద అనుమానం తొలగుతుంది. అందుకే తిండి అమ్మే మనిషిగా లోపలికి వెళ్లి కరపత్రాలు పంచింది. అయితే ఆమె చుట్టూ కార్మికులున్నారు, కొడుకు సహచరులున్నారు, ఒక ఉద్యమం ఉంది. ఆ సాంగత్యంలో ఆమె మాతృత్వం ఇల్లు దాటి విస్తరించింది. కొరియా తల్లికి సంఘం లేదు, పొరుగు లేదు. ఆమెకున్నదల్లా కొడుకే. ఒకప్పుడు బతుకు భరించలేక అయిదేళ్ల ఆ పిల్లవాడికి పురుగుమందు తాగించి తానూ చావబోయిన మనిషి ఆమె. మనిషిని ఇలా ఒంటరిని చేసిన వ్యవస్థలో మాతృప్రేమ కూడా సొంత ఆస్తి వంటిదైపోతుంది. దాన్ని కాపాడుకోవడానికి మరో పేదవాణ్ణి బలిపెడుతుంది. రాజ్యానికి కావలసిందీ అదే. ఒక దిక్కులేనివాడి బదులు మరో దిక్కులేనివాడు దొరికితే చాలు, దస్త్రం సరిపోతుంది.

లోపం లేదనను. హత్యకు గురైన పిల్ల, మతి చెడిన నాయనమ్మను సాకుతూ, బియ్యం కోసం ఒళ్లు అమ్ముకున్నది. ఆమె ఫోనులో ఆ మగవాళ్ల ఫొటోలున్నాయి. ఊరి నేరమంతా ఆ ఫోనులో ఉంది. కాని దర్శకుడికి అది హంతకుణ్ణి వెతకడానికి ఆధారంగానే ఎక్కువగా అక్కరకొచ్చింది. ఉత్కంఠ కోసం పిల్ల బతుకును పక్కకు నెట్టాడు. ఇది శిల్పలోపం కాదు, దృక్పథ లోపం.

క్రొవ్విడి లింగరాజు అనువాదంలో 'అమ్మ' చదివి పెరిగిన మనం, తల్లి అనగానే నీలోవ్నానే ఆశిస్తాం. ఆశించవలసిందే. కాని ఉద్యమం చేరని ఇళ్లలో తల్లి ఏమవుతుందో కూడా మన సాహిత్యం చూపించాలి. ఆఖరున ఆమె మరుపు కోసం తన తొడలో తానే సూది గుచ్చుకుని, బస్సులో ఇతర తల్లుల మధ్య నాట్యం చేస్తుంది. అదే వేళకు తల్లి లేని ఆ కుర్రవాడు జైల్లో ఉన్నాడు. మన కథకుల్లో ఎవరైనా అక్కడి నుంచి మొదలుపెట్టాలి.