చెంబు నీళ్ల మర్యాద: కథలూ నిజాలూ

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం ఏ సుల్తాన్ పేరుతో వెలసిందో, ఆ ఇబ్రహీం కుతుబ్‌షా గద్దెనెక్కక ముందు ఏడేళ్లు పరాయి కొలువులో అతిథిగా బతికాడు. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. అన్న జంషీద్ గోల్కొండను చేజిక్కించుకున్నాడు. ప్రాణం కాపాడుకోవడానికి ఇబ్రహీం విజయనగరం చేరితే అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. 1550లో తిరిగొచ్చి సుల్తాన్ అయ్యాక తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

ఇక్కడితో ఆపితే ఇది అందమైన కథ. కానీ 1565లో రక్కసి తంగడి దగ్గర రామరాయలి మీదికి దండెత్తిన దక్కన్ సుల్తానుల్లో ఇబ్రహీం కూడా ఉన్నాడు. ఆ యుద్ధంలోనే రామరాయలు హతమయ్యాడు. పెట్టిన అన్నమూ నిజమే, దాని వెనుక నడిచిన రాజకీయమూ నిజమే. మన అతిథి మర్యాదలను ఇలాగే, రెండు వైపులా చూడాలి.

లోకంలో ఆతిథ్యం గురించి అబద్ధాలు తేలిగ్గా పుడతాయి. ఆర్కిటిక్ మంచునేలల ఇన్యూట్ ప్రజలు ఇంటికొచ్చిన కొత్తవాడికి భార్యను అప్పగిస్తారన్న కథ అలాంటిదే. కొన్ని సమూహాల్లో నిజంగా ఉన్నది బాగా ఎరిగిన కుటుంబాల మధ్య దంపతుల మార్పిడి ఒప్పందం. దానివల్ల ఆ కుటుంబాలూ వాళ్ల పిల్లలూ కష్టకాలంలో ఒకరికొకరు అండగా నిలిచేవారు. దారినపోయేవాడికి దానితో సంబంధం లేదు. వేటలో దొరికిన మాంసాన్ని పంచుకోవడమే వాళ్ల మర్యాదకు ప్రాణం. వాళ్ల మీద కథ అల్లింది బయటివాళ్లు. మన విషయంలో కథ మనమే అల్లుకున్నాం: తెలుగిల్లు వచ్చినవాళ్లందరికీ తలుపు తెరిచేదని.

ఆ తలుపు తెరుచుకునే పద్ధతిలో గొప్ప నేర్పు ఉంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పల్లెల్లో చుట్టం వాకిట్లో కాలు పెట్టగానే చెంబుతో నీళ్లు వస్తాయి. దుమ్ముకొట్టుకున్న కాళ్లు కడుక్కునే ఆ కాస్త సేపట్లో ఇంట్లోవాళ్లు మంచం వాల్చి, దుప్పటి పరిచి, ఏం వండాలో తేల్చుకుంటారు. తర్వాత తాగడానికి నీళ్లు. “రాండ్రి, కూసోండ్రి, అందరు మంచిగున్నరా?” అన్న పలకరింపు. వచ్చిన పనేమిటని వెంటనే అడగరు. వానల గురించి, పంట గురించి, పిల్లల గురించి మాట సాగుతుంది. అప్పు కోసమో, సంబంధం మాట్లాడటానికో వచ్చిన మనిషి ఈలోపు మాట కూడగట్టుకుంటాడు. అడగకపోవడమే అక్కడ మర్యాద.

ఇంట్లో ఉన్నదే పెడతారు: జొన్నరొట్టె, పప్పు, తొక్కు. దగ్గరి చుట్టమైతే కోడి కోస్తారు, తాటివనం నుంచి కల్లు తెప్పిస్తారు. వడ్డించేవాళ్లు ఇంకొంచెం వేసుకోమని బతిమాలాలి, తినేవాళ్లు ఒకటి రెండుసార్లు వద్దనాలి. ఆకలి ఉండి మొహమాటపడేవాళ్ల కడుపు నింపే ఉపాయమది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ తిరిగి వెళ్తుంటే బొట్టు పెట్టి రవికెగుడ్డ చేతిలో పెడతారు, బస్సు ఎక్కేదాకా తోడు వెళ్తారు.

ఎడ్లబండ్ల రోజుల్లో ఈ పద్ధతి ఊరి బతుకుకు ఆధారం. సంతకో, పెళ్లికో, చావుకో పోయి చీకటి పడితే ఆగడానికి ఇల్లు కావాలి. ఇవాళ పెట్టిన చేయి రేపు ఇంకో ఊళ్లో తినాల్సిందే.

అయితే ఆ ఇల్లు ఎవరికి? ఎక్కువగా చుట్టానికి, కులపోడికి, ఎరుక ఉన్నవాళ్లకు. ముక్కూమొహం తెలియని బాటసారి కోసం వేరే ఏర్పాట్లు ఉండేవి. ఇబ్రహీంపట్నానికి దగ్గర్లోని హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల నాటి మసీదు చుట్టూ ప్రయాణికుల కోసం కట్టిన సరాయి గదులే దానికి సాక్ష్యం. 1830-31లో మద్రాసు నుంచి హైదరాబాదు మీదుగా కాశీ వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకీ సత్రం ఉందా, అంగళ్లున్నాయా, నీళ్లు దొరుకుతాయా అని రాసిపెట్టాడు. ప్రతి ఇల్లూ సత్రమే అయితే ఆ వివరాలతో ఎవరికీ పని ఉండేది కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడా వండిపెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు ఇన్నేళ్లు నిలవడానికి కారణమూ అదే. అందరూ చేసే పనైతే ఒక్కరిని అంతగా తలుచుకోం.

అంతకంటే చేదు నిజం ఇంకొకటుంది. దళితుడు దాహమంటే చెంబు చేతికివ్వలేదు. దోసిలి పట్టించి పైనుంచి పోశారు. ఊరి చాయ్ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 15వ అధికరణం హోటళ్లూ బావులూ అందరివీ అన్నది, 1955లో ప్రత్యేక చట్టం వచ్చింది. మనసులు మారి ఉంటే ఇన్ని చట్టాలు అక్కర్లేకపోయేవి. అతిథిని దేవుడిగా చూడమన్న ఉపనిషత్తును వల్లించిన నేల మీదే ఇదంతా జరిగింది.

మర్యాద బరువు మోసినవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. పేరు ఇంటి యజమానికి, పొగ ఇల్లాలికి. రాత్రిపూట చుట్టాలొస్తే మళ్లీ పొయ్యి వెలిగించిందీ, అందరూ తిన్నాక మిగిలింది తిన్నదీ ఆమే. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. పరువు కోసం వడ్డీకి తెచ్చి దావత్ చేసి చితికిన కుటుంబాలున్నాయి.

ఇంత చెప్పినా ఆ చెంబు నీళ్ల మీద నా గౌరవం తగ్గదు. వచ్చిన మనిషి అలసటను ముందు గుర్తించడం, అవసరాన్ని తొందరపెట్టి అడగకపోవడం, ఉన్నదాంట్లో పెట్టడం: ఇవి ఏ కాలానికైనా పనికొచ్చే విద్యలు. మార్చాల్సింది అవి ఎవరి దాకా చేరతాయన్న హద్దును, ఆ పని ఒక్కరి మీదే పడే తీరును.

ఇవాళ ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. రంగారెడ్డి జిల్లా ఇటుకబట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పని చేస్తున్నాయి. ఎక్కడెక్కడినుంచో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు గదులు వెతుక్కుంటున్నారు. మన మర్యాదకు పరీక్ష వాళ్ల దగ్గరే. అద్దెకు ఇల్లడిగిన మనిషిని కులమేమిటని అడగడం మానేద్దాం. బట్టీ నుంచి నీళ్లకొచ్చిన తల్లికి మనం తాగే గ్లాసుతోనే నీళ్లిద్దాం. చుట్టాలొచ్చినప్పుడు మగవాళ్లూ వంటింట్లోకి నడుద్దాం. అప్పుడు మన ఇంటి తలుపు అందరికీ తెరిచే ఉందని నిజాయితీగా చెప్పుకోవచ్చు.