ఓస్టియా రాళ్లు నేర్పే లాటిన్

ఈ సమాధిలో నాకు, నా భర్తకు, నా తల్లికి, మా వాళ్లకు, మేం బానిసత్వం నుంచి విడిపించిన మగవాళ్లకూ ఆడవాళ్లకూ, వాళ్ల సంతానానికీ చోటుంది. పానరాతుస్‌కూ ప్రోస్డోకియాకూ మాత్రం లేదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో స్క్రిబోనియా అత్తికె అనే మహిళ తన కుటుంబ సమాధి గుమ్మం పైన చెక్కించిన మాటల సారం ఇది. ఆ ఇద్దరి మీద ఆమెకు అంత కోపం ఎందుకొచ్చిందో శాసనం చెప్పదు. పలకకు చెరో పక్కా కాల్చిన మట్టి శిల్పాలు ఉన్నాయి. ఒకదానిలో ప్రసవపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఆమెను వెనక నుంచి పట్టుకున్న మరో స్త్రీ, ఎదురుగా పొట్టి పీట మీద మంత్రసాని. రెండోదానిలో ఒక వైద్యుడు రోగి కాలికి చికిత్స చేస్తున్నాడు. ఆ మంత్రసాని స్క్రిబోనియా అనీ, ఆ వైద్యుడు ఆమె భర్త ఉల్పియుస్ అమెరిమ్నుస్ అనీ పండితుల అభిప్రాయం.

రోమ్ నగరపు రేవు పట్టణం ఓస్టియాకు ఆనుకుని ఉన్న ఇసోలా సాక్రా శ్మశానంలోని సమాధి ఇది. లాటిన్ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి మొదటి పాఠం దొరకదు.

ఎందుకంటే, ఇందులో విభక్తులు పనిలో ఉన్నాయి. సమాధి కట్టించినది స్క్రిబోనియా, కనుక ఆమె పేరు ప్రథమలో ఉంది. ఎవరి కోసం కట్టించిందో వాళ్లంతా చతుర్థిలో ఉన్నారు: ‘మాతెర్’ అంటే తల్లి, ‘మాత్రి’ అంటే తల్లికి. చోటు దక్కని ఇద్దరి పేర్లు ‘ప్రేతెర్’, అంటే ‘తప్ప’, అనే మాట వెనక ద్వితీయలో నిలబడ్డాయి. తెలుగు చదువుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పదం చివర ప్రత్యయం మారితే వాక్యంలో దాని పాత్ర మారుతుంది. పదాల వరుస అటూ ఇటూ అయినా అర్థం చెడదు. ఇంగ్లీషు పిల్లలకు ఏళ్ల తరబడి కొరుకుడు పడని ఈ సంగతి మనకు ఉగ్గుపాలతోనే వచ్చింది.

ఇదే శాసనంలో ఇంకో విశేషం ఉంది. ‘విడుదలైన బానిసలకు’ అనడానికి లాటిన్‌లో మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా మామూలు రూపం ఒక్కటే, ‘లీబెర్తీస్’. స్క్రిబోనియా అక్కడితో ఆగలేదు. ‘లీబెర్తాబుస్’ అనే ప్రత్యేక స్త్రీలింగ రూపాన్ని కూడా చేర్పించింది. వ్యాకరణ పుస్తకాల్లో ఇది అడుగున చిన్న అక్షరాల్లో కనిపించే మినహాయింపు. విద్యార్థులు విసుక్కుంటూ బట్టీ పడతారు. సమాధి ముందు నిలబడితే దాని అవసరం తెలుస్తుంది. ఆడవాళ్లకు కూడా ఇక్కడ హక్కుందని రేపు ఎవరూ కాదనకుండా ఆ ప్రత్యయం కాపాడుతుంది. సమాధి బయటి వారసుల పాలు కాకూడదన్న నిబంధన కూడా చివర ఉంది. అది ఎంత వాడుకలో ఉన్న నిబంధనంటే, పూర్తి మాటలు అక్కర్లేకుండా ఆరు పొడి అక్షరాలతో సరిపెట్టారు.

పొడి అక్షరాలను విప్పడం శాసన లాటిన్‌లో మొదటి విద్య. రాయి ఖరీదైనది, చెక్కేవాడి కూలి అదనం, కాబట్టి తరచూ వచ్చే మాటలన్నీ ఒకటి రెండు అక్షరాలకు కుదించుకుపోయాయి. చదివేవాళ్లు పొడి అక్షరాలను విప్పి చేర్చిన భాగాన్ని గుండ్రటి కుండలీకరణాల్లో, రాయి విరిగి పోయినచోట ఊహించి నింపిన భాగాన్ని చదరపు గుర్తుల్లో రాస్తారు. రాయి చెప్పింది ఎంతో, పండితుడు చెప్పింది ఎంతో పాఠకుడికి స్పష్టంగా తెలియాలన్నది ఈ నియమం ఉద్దేశం. ఈ నిజాయితీ నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఓస్టియా ఇటుకల మీద కూడా లాటిన్ ఉంది. రోమన్లు సంవత్సరాన్ని ఆ ఏటి ఇద్దరు కాన్సుల్స్, అంటే అత్యున్నత అధికారుల, పేర్లతో గుర్తించేవారు, మన శాసనాల్లో రాజు పాలనలో ఎన్నో ఏడో చెప్పినట్టు. పేతినుస్, అప్రోనియానుస్ పేర్ల ముద్ర ఉన్న ఇటుక క్రీ.శ. 123లో తయారైంది. ఆ ముద్రలోని విభక్తి తెలిసినవాడికి గోడ వయసు లెక్కగట్టే ఆధారం దొరికినట్టే.

ఊరి చరిత్ర తెలియకపోతే ఈ మాటలు సగమే అర్థమవుతాయి. టైబర్ నది సముద్రంలో కలిసేచోట పుట్టిన ఊరు ఓస్టియా. అంకుస్ మార్కియుస్ అనే రాజు దీన్ని కట్టించాడని ఐతిహ్యం. తవ్వకాల్లో దొరికిన పాత కోట మాత్రం క్రీ.పూ. 4వ శతాబ్దానిది. రోమ్ జనాభా పెరిగేకొద్దీ ఆ నగరపు తిండి ఈజిప్టు, ఉత్తర ఆఫ్రికాల ధాన్యం మీద ఆధారపడింది. క్రీ.శ. 42లో క్లాడియస్ చక్రవర్తి కొద్ది దూరంలో కొత్త ఓడరేవు పని మొదలుపెట్టాడు. అది కూడా పూర్తి భద్రత ఇవ్వలేదు. 62లో తుపాను వచ్చి రేవు లోపలే దాదాపు 200 ఓడలు మునిగాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అయినా ధాన్యం ధర పెరగలేదని కూడా అతనే చెబుతాడు. తర్వాత ట్రాజన్ చక్రవర్తి ఇంకా లోపలికి ఆరు భుజాల జలాశయం తవ్వించాడు. టాసిటస్ వాక్యాలు కుదించి కుదించి బిగించినవి. ఆ రేవు పటం పక్కన పెట్టుకుని చదివితే అవి ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి.

నాటకశాల వెనక ఉన్న వ్యాపార సంఘాల ఆవరణకు ఎంత సమయం ఇచ్చినా తక్కువే. చుట్టూ చిన్న చిన్న గదులు, వాటి ముందు తెలుపు నలుపు రాళ్లతో పొదిగిన నేల. లిబియా తీరంలోని సబ్రాతా వర్తకుల గది ముందు ఏనుగు బొమ్మ ఉంది. ఆ ఊరివాళ్ల పేరు షష్ఠీ బహువచనంలో ఉంది, అంటే ‘సబ్రాతా వాళ్ల కార్యాలయం’. సార్డీనియాలోని కరాలిస్, అంటే నేటి కాగ్లియారి, ఓడల యజమానుల గది ముందు ఓడ, ధాన్యం కొలిచే పాత్రలు ఉన్నాయి. ఇంకొన్ని గదుల ముందు ‘నావికులారి’, అంటే ఓడల యజమానులు, అన్న మాటలో వ్యాకరణం ప్రకారం చివర రెండు ‘ఇ’లు ఉండాలి, రాళ్లు పొదిగినవాళ్లు ఒక్కటే పొదిగారు. ఆ ఆవరణ బయట, ఊళ్లోని ఒక చేపల దుకాణం నేల మీద ఆక్టోపస్‌ను కరుస్తున్న డాల్ఫిన్ బొమ్మ ఉంది, పక్కనే ‘అసూయాపరుడా, నిన్ను తొక్కేస్తున్నా’ అన్న రాత. అందులో ‘వ’ ఉండాల్సిన చోట ‘బ’ పడింది. జనం నోట ఆ రెండు ధ్వనులు కలిసిపోతున్నాయనడానికి ఆ నేల సాక్ష్యం. తరగతి గదిలో తప్పుగా కొట్టేసే అక్షరమే ఇక్కడ భాషా చరిత్ర.

సిసెరోనూ వర్జిల్‌నూ చదవొద్దని దీని అర్థం కాదు. కానీ వాళ్లతోనే మొదలుపెట్టి వాళ్లతోనే ముగిస్తే, లాటిన్ కొద్దిమంది పెద్దమనుషుల భాష అన్న భ్రమ మిగిలిపోతుంది. ఓస్టియాలో ఆ భాష మంత్రసానులది, చేపల వర్తకులది, గ్రీకు పేర్లతో వచ్చి స్వేచ్ఛ పొందిన బానిసలది.

ఈ మాటను జీవితమంతా చెప్పిన గురువు రెజినాల్డ్ ఫోస్టర్. అమెరికాలోని మిల్వాకీలో 1939లో పుట్టిన ఈ కార్మెలైట్ సన్యాసి 40 ఏళ్లు వాటికన్‌లో పోపుల లాటిన్ లేఖలు రాశాడు. రోమ్‌లోని గ్రెగోరియన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు, వేసవిలో ఉచితంగా తరగతులు నడిపాడు. వేసుకునేది మాత్రం పనివాళ్ల నీలం దుస్తులు. రోమ్‌లో బిచ్చగాళ్లు కూడా మాట్లాడిన భాష మీకెందుకు రాదని విద్యార్థులను అడిగేవాడు. మొదటి రోజు నుంచే అసలు రచనలు చేతికిచ్చేవాడు, తర్వాత వాళ్లను వెంటబెట్టుకుని ఆ రచనలు పుట్టిన చోటికే వెళ్లేవాడు.

ఓస్టియాలో వాళ్లు చదివింది క్రైస్తవ వేదాంతి అగస్టీన్‌ను. 387లో అతను తల్లి మోనికాతో ఆఫ్రికా వెళ్లే ఓడ కోసం ఇక్కడ ఎదురుచూశాడు. తోట వైపు కిటికీ దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారు. కొన్ని రోజులకే ఆమె జ్వరపడి 56వ ఏట కన్నుమూసింది. ఆమె సమాధి పద్యం శతాబ్దాల పాటు రాతప్రతుల్లోనే మిగిలింది. 1945లో సంత్ ఔరేయా చర్చి పక్కన ఆట స్తంభం పాతడానికి ఇద్దరు కుర్రాళ్లు గొయ్యి తవ్వితే ఆ పద్యం చెక్కిన రాతి ముక్క బయటపడింది. విరిగిపోయిన భాగాన్ని రాతప్రతుల సాయంతో పూరించుకోగలిగారు.

ఈ చదువు మనకు దూరపు సంగతి కాదు. భారతదేశపు మిరియాల ధరలు రాసిపెట్టిన రోమన్ రచయిత ప్లినీ, తన ప్రకృతి చరిత్ర 6వ సంపుటంలో ‘అందారే’ అనే బలమైన జాతి గురించి చెప్పాడు: ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 అశ్వబలం, 1,000 ఏనుగులు. వీళ్లు ఆంధ్రులేనని చరిత్రకారులు గుర్తించారు. తెలుగువారి చరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపించే ఈ వాక్యాన్ని మనలో చాలామంది అనువాదాల మీదుగానే ఎరుగుదురు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ప్రాకృతం, సంస్కృతాల సరసన లాటిన్‌కు కూడా చోటివ్వాలి. విభక్తులు తెలిసిన మన పిల్లలకు అది అందని భాష కాదు.