కామురోచో వీధులలో తొలి అడుగులు

టోక్యో నగరమున షింజుకు ప్రాంతములో కబుకిచో అను వినోదవాటిక కలదు. రాత్రివేళ దీపముల వెలుగుతో పగటిని మరపించు ఆ వాడను పోలిన కల్పితపు పేట నొకదానిని నిర్మించి, దానికి కామురోచో అని పేరిడి, సేగా సంస్థవారు 2005వ సంవత్సరము డిసెంబరులో ఒక వీడియో గేమును వెలువరించిరి. జపాను భాషలో దాని పేరు 'ర్యూ గా గోతోకు'. 'డ్రాగన్ వలె' అని అర్థము. తక్కిన దేశములలో అది చిరకాలము 'యాకుజా', అనగా నేరముఠావాడు, అను పేర చెల్లినది. తొషిహిరో నగోషి మూలపురుషుడుగా మొదలైన ఈ పరంపరలో కథలు పెక్కు వచ్చినవి గాని, క్రొత్తగా చేయి పెట్టువారికి నేను సంకోచము లేక చూపునది 2015లో వచ్చిన 'యాకుజా జీరో'. కథాక్రమమున అది ముందటిది. నాయకుడైన కిర్యూ కజుమా అందు ఇరువది యేండ్ల పడుచువాడు.

బాహుయుద్ధమే ప్రధానమైన ఆటలు జపానులో నిన్న మొన్న పుట్టినవి కావు. 1986లో టెక్నోస్ సంస్థ తరఫున యొషిహిసా కిషిమోతో తన విద్యార్థిదశలోని కొట్లాటలను తలచుకొని 'కునియో కున్' ఆటను కూర్చెను. మరుసటి యేడు 'డబుల్ డ్రాగన్', 1989లో కాప్‌కామ్ వారి 'ఫైనల్ ఫైట్' వచ్చినవి. ఈ తరువాతి రెంటిలో వీధి యనగా ఒకే దిక్కునకు సాగు బాట. ఎదురైన వానిని కొట్టుట, ముందునకు నడచుట, అంతియే. కామురోచోలో వీధి అటునిటు చీలును, సందులుగా మలుపులు తిరుగును, వచ్చిన త్రోవనే వెనుకకు మరలనిచ్చును. అన్నము పెట్టు అంగడియు, పాటలు పాడు కరావోకే గదియు, పాత 'అవుట్ రన్' యంత్రమున్న ఆటల శాలయు దారిలోనే తగులును. ఈ భేదమును గుర్తింపక, పాత అలవాటున కథను తరుముకొని పోవువాడు సగము ఆటను పోగొట్టుకొని, మిగిలిన సగములో దెబ్బలు తినును. తొందరపడనివానికే చేయి బలపడునట్లు దీనిని కూర్చినారని నా నమ్మకము. నేను చెప్పబోవు మెలకువలన్నియు ఆ ఒక్క మాటకు వివరణములే.

కంట్రోలరు చేతబట్టిన క్రొత్తవాడు మొట్టమొదట చేయు పని చతురస్రపు మీటను ఎడతెరపి లేక నొక్కుట. ప్లేస్టేషనులో ఆ మీట తేలిక దెబ్బలకు, త్రికోణము బరువు దెబ్బకు, వృత్తము ఎదుటివానిని ఒడిసిపట్టుటకు ఉన్నవి. మూడు తేలిక దెబ్బల పిమ్మట త్రికోణము నొక్కినచో ఆ వరుస ముగింపు దెబ్బతో పూర్తియై శత్రువు నేల గూలును. ముగింపు లేని గుద్దులు ఎన్ని గుద్దినను వాడు నడుమ కాచుకొని ఎదురు తిరుగును. కుడిచేతి చూపుడువ్రేలి క్రింది ఆర్1 మీటను నొక్కి పట్టినప్పుడు కిర్యూ ఒక్కనిపై చూపు నిలిపి, వానికి అభిముఖుడై అడుగులు కదుపును. ఎడమవైపు ఎల్1 మీటతో దెబ్బ కాచుకొనును. ఈ కాపు రొమ్మునకే గాని వీపునకు లేదు. ఐదుగురు చుట్టుముట్టినప్పుడు నడుమ నిలిచి వీరవిహారము చేయబూనుట అవివేకము. ప్రక్కకు జరిగి, వారందరును ఒకే వైపున కనబడునట్లు చేసికొని, ముందు వచ్చినవానితో తేల్చుకొనవలెను. ఒంటరిగా దొరికిన ఆకతాయి నొకనిని ఎంచుకొని, ఒక నిమిషము పాటు వానిని కొట్టక, వాడు చేయి ఎత్తు తీరును, ఎత్తుటకు ముందు వంగు భుజమును చూచుచు తప్పుకొనుచుండుడు. గంటసేపు మీటలు బాదినను అలవడని విద్య ఆ నిమిషములో అలవడును.

కిర్యూకు మూడు శైలులు కలవు. బ్రాలర్ అనునది వీధికొట్లాట. అన్నిటికిని నడిమి దారి. రష్‌లో దెబ్బల బలము తక్కువ, కాళ్ల చురుకు ఎక్కువ. పెద్ద కత్తి, పెద్ద దేహము గలవారి యెదుట అదియే శరణ్యము. బీస్ట్ శైలిలో నడక మందము. కాని చెంతనున్న సైకిలో, అంగడి బోర్డో దెబ్బతో పాటే చేతికి వచ్చి గుంపును చెదరగొట్టును. శత్రువునకు దెబ్బ తగిలిన కొలది 'హీట్' అను కొలత నిండును; మనకు దెబ్బ తగిలినప్పుడు తగ్గును. అది నిండినప్పుడు గోడ ప్రక్క శత్రువును పట్టుకొన్నను, నేలబడినవాని దగ్గరకు పోయినను తెరపై త్రికోణపు గుర్తు మెరయును. దానిని నొక్కగానే కొలతలో కొంత ఖర్చయి, చూచువాని యొడలు జలదరించునంతటి దెబ్బ పడును. ఈ శక్తిని అల్పులపై వృథా చేయక ముఖ్యునికై దాచుకొనుట మేలు. మందుల దుకాణములో స్టామినన్ అను బలవర్ధక పానీయములు దొరకును. పోరాటము నడుమనైనను మెనూ తెరచి త్రాగవచ్చును. ఊరక గాయపడిననాడు వాటిని ఖర్చు చేయక అకావుషిమారు వంటి అన్నపుటంగడిలో కూర్చుండి భుజించుట పొదుపు. ఆటను భద్రపరచుకొనుట టెలిఫోన్ బూత్‌లలో. బూత్ కనబడినప్పుడెల్ల లోనికి పోవుడు.

ఇక ధనము. కొట్టిన ప్రతి దెబ్బకును శత్రువు దేహమునుండి యెన్ నోట్లు ఎగిరి గాలిలో చెదరును. ఇది చమత్కారమునకై పెట్టినది కాదు. కథాకాలము 1988 డిసెంబరు. 1985 నాటి ప్లాజా ఒడంబడిక తరువాత యెన్ విలువ పెరిగి, ఎగుమతులకు కలిగిన నష్టమును పూడ్చుటకై వడ్డీరేట్లు దించగా, అప్పు సులభమై, భూముల ధరలు ఆకాశమునంటినవి. 1989 చివర నిక్కీ అను షేర్ల సూచిక 38,915 దాక పోయి, పిమ్మట కూలెను. ఈ కథలో డోజిమా అను యాకుజా కుటుంబపు పెద్దలు ఒకరి గొంతు నొకరు కోసికొనజూచునది కామురోచో నడుమనున్న గుప్పెడు ఖాళీ నేల కొరకు. నోట్లు ఎగురుట ఆ యుగపు స్వరూపమే.

ఆ ధనమును ఆటగాడు తనపై పెట్టుబడి పెట్టి క్రొత్త పట్లు, అధికమైన ప్రాణబలము కొనుక్కొనవలెను. ఇవి తెరపై వలయములుగా అమర్చబడి యుండును; వెలుపలి వలయములకు పోయిన కొలది వెల పెరుగును. ఇందు ఆలస్యము తగదు. తొలినాళ్లలో నేను కూడబెట్టిన ధనమంతయు సంచిలో ఉంచుకొని తిరుగుచుండగా, ఒక మూలమలుపున మిస్టర్ షేక్‌డౌన్ అను మహాకాయుడు ఎదురై, రెండు దెబ్బలతో కూల్చి, చిల్లర కూడ మిగుల్పక ఊడ్చుకొని పోయెను. ఓడినచో చేతనున్నదంతయు వానిది. గెలిచినచో పోయినది తిరిగి వచ్చుటయే గాక అంతకు మించి లభించును. పదునైదు దినములు ఆ దారి తొక్కలేదు. పిదప రష్ శైలిలో, వాని బాహువు గాలిని చీల్చిన క్షణమున ప్రక్కకు తప్పుకొని, వీపుపై రెండే దెబ్బలు కొట్టి దూరము జరుగుచు, మూడవ దెబ్బకు ఆశపడక, చాలసేపటికి వానిని పడగొట్టితిని. ఆ ఆశను అణచుకొనుటలోనే గెలుపున్నదని అప్పుడు తెలిసినది. నేర్పు పెంచుకొనగోరువారికి వీధులలో గురువులును కలరు; త్రాగి తూలు బాకస్ అను విదేశీయుడు అట్టివాడు.

ఈ ఆటలో స్త్రీలను చూపిన తీరు కొన్నిచోట్ల నాకు రుచింపలేదు. ఆ మాట దాచను. అయినను దీనిని నేను ప్రేమించుటకు కారణము ఉపకథలు. అవి నూరు. వీధిమూలలో బిక్కమొగముతో నిలిచిన అపరిచితుని పలుకరింపగా, ఒక నిమిషము ముందు పదిమంది పండ్లు రాల్చిన కిర్యూ చేతులు కట్టుకొని వాని గోడు ఆసాంతము వినును. పిల్లలు ఆడు బొమ్మ కార్ల పందెమునందును అతడు అంతే శ్రద్ధతో చక్రములు మార్చును. తాను ప్రాణము తీయరాదను నియమమొకటి అతనికి కలదు. జపాను యాకుజా చిత్రములు తరతరములుగా మథించిన గిరి, నింజో అను రెంటి పెనుగులాట, అనగా కర్తవ్యమునకును హృదయమునకును నడుమనుండు పోరు, నాకు పెద్ద ఘట్టములలో కంటె ఈ చిన్నకథలలో స్పష్టముగా గోచరించినది.

కిర్యూ నడక చేతికి వచ్చినదనుకొన్న వేళకు, మూడవ అధ్యాయమున, ఆట అతనిని మన చేతినుండి తీసికొనును. ఒసాకాలోని దోతోన్‌బోరిని పోలిన సొతెన్‌బోరిలో, ఎడమకంటికి పట్టీ కట్టిన క్యాబరే నిర్వాహకుడు మజిమా గోరో దర్శనమిచ్చును. అతని శైలులు వేరు. థగ్‌లో మొదలుపెట్టుడు, దెబ్బల కాలము కుదిరిన తరువాతనే విరుగని బ్యాటు తిప్పు స్లగ్గర్‌కును, చేతులపై గిరగిర తిరుగు బ్రేకర్‌కును పోవలెను. కిర్యూ లెక్కలు ఇక్కడ పనికిరావు. కాలువ ఒడ్డున ఒంటరి ఆకతాయి నొకనిని వెదకికొని, ఒక నిమిషము వానిని కొట్టక, భుజమువైపు చూచుచు మరల మొదలుపెట్టుడు.