ఫూటు పట్టిక: గుణదోషవిచారము

ప్రదర్శనశబ్దము ణిజంతజన్యము; చూచుట కాదు, చూపుట దాని యర్థము. చూపువానికిఁ జూచువాఁ డాకాంక్షితుఁడు. ప్రయోజ్యుఁడు లేనిచోఁ బ్రయోజకవ్యాపారము వ్యర్థము.

రాబర్టు బ్రూసు ఫూటు కూర్చిన ప్రాచీనశిలాయుధములు 1904వ సంవత్సరమున మదరాసు ప్రదర్శనశాలకుఁ జేరెను. వాని పట్టిక 1914లోను, కాలదేశవివరణము 1916లోను వెలువడెను. అందు అనంతపుర మండలమునకుఁ జోటు గలదు. వస్తువులు దొరకిన తావులు చెప్పుట గుణము. ఆ తావుల జనులకుఁ దెలియని యాంగ్లమునందే నిలుచుట దోషము.

అనావృష్టిపీడిత మగు బెళుగుప్ప బాలునకుఁ దన చేని ఱాయియుఁ బూర్వుల పనిముట్టు కావచ్చునని చెప్పువా రెవరు? శాలాధ్యక్షునకుఁ దాళపుఁజెవి కాపాడుటయే ధర్మము కాదు. ప్రతికృతులను, తెలుఁగు వివరణములను బడులకుఁ బంపవలయును. కానిచో మదరాసు జనులు పెట్టిన చచ్చినకాలేజి యను పేరే దానికిఁ దగును.